గీత దాటిన కాలు

సాఫ్ట్‌బాల్‌లో బ్యాటర్ తన వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌కు కావాలని అడ్డుపడిందో లేదో ఇప్పుడు బ్యాటర్ హెల్మెట్టే మనసు చదివి చెబుతుంది. కీర్తన మనసును ఖాళీగా ఉంచడం సాధన చేసింది. పోయినేడు బ్యాటింగ్ గీతల లోపలే నిలబడి, ఎదుటి జట్టు క్యాచర్ ఓబులేశ్వరి బంతి విసిరే చేతికి అడ్డం వాలి వేలు విరగ్గొట్టింది. "ఉద్దేశం లేదు. నాటౌట్," అంది హెల్మెట్.

ఈ ఏడు అనంతపురం ఫైనల్లో, ఇంకొక్కరు అవుటైతే కీర్తన జట్టు ఓడిపోతుంది. ఆమె జట్టు పిల్ల రెండో బేస్‌కు పరుగు తీసింది. ఓబులేశ్వరి బంతి వేసే పిల్లకు ముందే సైగ చేసి, బంతిని కీర్తనకు బాగా దూరంగా వేయించింది. దాన్ని పట్టి రెండో బేస్‌కు విసిరే ఓబులేశ్వరికి అడ్డుపడాలంటే కీర్తన గీత దాటాలి. దాటింది.

"గీత బయట ఉద్దేశంతో పనిలేదు. అవుట్," అంది హెల్మెట్.

"నేను కావాలని దాటలేదు!" కీర్తన అరిచింది.

"నేను కావాలనే దాటించినాలే అక్కా," అంది ఓబులేశ్వరి. ముఖానికున్న ఇనుప జాలీ తీసి, కీర్తన ఏడుపును కళ్లారా చూసింది.