జివ్వుమనే పళ్లు

డెబ్భై నాలుగేళ్ల హిమబిందుకు మిగిలినవి రెండే సొంత పళ్లు, అవీ కదులుతున్నాయి. కాలనీలో చిన్నా పెద్దా మిగతా అందరివీ ఇంప్లాంట్లే.

"తీయించేసి వరసంతా వేయించుకోండత్తయ్యా, జంతికలు తినొచ్చు," అంటూ కోడలు అద్విత ఆస్పత్రికి తీసుకొచ్చింది. ఆవకాయకు పనికొస్తాయో లేదో చెప్పమని నిన్న బుట్టెడు మామిడికాయలు ఆవిడచేత కొరికించిందీ ఈ అద్వితే. నాలుకకు ప్రతి కాయా పుల్లనే. పళ్లు జివ్వుమంటేనే అది ఆవకాయ కాయ. ఇంప్లాంట్లు జివ్వుమనవు.

"నొప్పి భరించలేను బాబూ. తీసేస్తే ఇక ఏ కాయ పనికొస్తుందో చెప్పేవాళ్లుండరు. నాకేం తోచడం లేదు," అంది హిమబిందు డాక్టరుతో.

పళ్లు తీయడానికి ఒప్పుకుంటున్నట్టు వేలిముద్ర వేయమని అతను ట్యాబ్ జరిపాడు. ఆవిడ వేలు ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది.

"ఒక్క నిమిషం," అంటూ అతను సొరుగులోంచి మామిడికాయ ముక్క తీశాడు. "ముందు ఇది కొరికి చెప్పండమ్మా. మీరొస్తున్నారని మా ఆవిడ పంపింది."

కొరికింది. తల దాకా జివ్వుమంది. నొప్పో పులుపో తేల్చుకోలేక, "ఆవకాయ పెట్టొచ్చు," అనేసింది.

డాక్టరు ట్యాబ్ వెనక్కి లాక్కున్నాడు.

"మరి నా పళ్లు?"

"కాయల రోజులు వెళ్లాక చూద్దాంలెండి. అప్పటిదాకా మాత్రలు రాస్తాను."

"అదే మంచిది," అంటూ అద్విత చీటీ అందుకుంది.