బానెట్ మీద చేయి

హారన్ రెండుసార్లు కొట్టాను. మెకానిక్ పెద్దులు కదల్లేదు.

బ్రేకులు చూపించుకుని, చిక్కడపల్లిలోని అతని షెడ్డు నుంచి నా పాత ఫియట్‌ను వెనక్కి తీస్తున్నాను. అతను దారికి అడ్డంగా, అటు తిరిగి నిలబడ్డాడు. ఇంజన్ తీయించి బ్యాటరీ, కరెంటు మోటారు పెట్టించానని వారం నుంచి నా మీద మండిపడుతున్నాడు. జరుగుతాడులే అనుకున్నాను.

జరగలేదు. బ్రేకు తొక్కేసరికే బంపర్ అతని మోకాళ్ల వెనక తగిలింది. బోర్లా పడ్డాడు.

హ్యాండ్‌బ్రేకు లాగి, పరుగెత్తుకెళ్లి లేపాను. "హారన్ వినిపిస్తలేదా? పంతానికి పానం తీసుకుంటవా?"

ఎప్పటిలాగే నా పెదాల వంక చూశాడు.

"ఐదేండ్ల సంది ఏం వినిపిస్తలేదక్కా. ఎవ్వరికి చెప్పలే. ఇంజన్ బండొస్తే కాళ్ల కింద నేల అదురుతుండె. గట్ల జరుగుతుంటి."

ఇన్నేళ్లూ బానెట్ మీద చేయి ఆనించి, కళ్లు మూసుకుని, బండికి రోగమేదో చెప్పేవాడు. ఎంత పదునైన చెవి అని మేం మురిసిపోయేవాళ్లం.

మోకాళ్లు దులుపుకుని వచ్చి, అలవాటుగా నా ఫియట్ బానెట్ మీద అరచేయి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తీయలేదు.

"బంద్ చేసినవా అక్కా?"

చేయలేదు. ఆన్‌లోనే ఉంది.