రెండో చరణంలో ఏడుపు

శ్రీరంగప్ప కొండకింద చేను గాలిమరల కంపెనీ కొనుక్కుంది.

"ఆ రాళ్లగుట్టకు అంత దుడ్లా!" అని ఊరంతా నోరెళ్లబెట్టింది.

బోరు వేయించమని పెండ్లాం వరలక్ష్మమ్మ మొత్తుకుంది.

"బోరు ఎండిపోతాది. పాట ఎండిపోతాదేమే?" అని ఆయన అనంతపురంలో మిషన్లు దించి, క్యాసెట్ల కంపెనీ పెట్టినాడు.

మూడు భక్తి క్యాసెట్లు వేసినాడు. మూడూ అట్టపెట్టెలు దాటి బయటికి రాలేదు.

ఇంక ఒకటే ఆశ. ఆ పిల్ల.

ఆ పిల్ల ఎవరో ఎవరికీ తెలీదు. బోరు లారీల్లో, జీపుల్లో, టీ అంగళ్లలో ఆమెదే ఒక పాట మోగుతాండేది. వానలు రానప్పుడు కప్పను రోకలికి కట్టుకుని ఆడోళ్లు ఇల్లిల్లూ తిరిగి పాడే పాట. అందరూ వానను బతిమాలతారు. ఈ పిల్ల మాత్రం తిడతాది. తాగొచ్చిన మొగుణ్ణి తిట్టినట్టు తిడతాది. రెండో చరణంలో చంటిబిడ్డ ఒకటి గుక్కపట్టి ఏడుస్తాది. పిల్ల పాట ఆపదు. బిడ్డను జోకొడతానే వానను కడిగేస్తాది.

కాపీకి కాపీ తీసి తీసి ఆ పాట బుస్సుబుస్సుమంటాండేది. అది ఎప్పటి పాటో ఎవరూ ఆలోచించలేదు.

"మారెప్పా, ఆ గొంతు దొరికితే పది పాటలు పాడిస్తాం. కంపెనీ నిలబడతాది. లేదంటే చేనూ పాయె, దుడ్లూ పాయె, నేను కూలికి పోవాల్సిందే," అన్నాడు శ్రీరంగప్ప, మిషను నడిపే మారెప్పతో.

లేపాక్షి నుంచి కణేకల్ దాకా వెతికినాడు. ఊరూరా పదహారు, పద్దెనిమిదేండ్ల పిల్లల్ని నిలబెట్టి పాడించినాడు. ఎవరూ ఆ పిల్ల కాదు.

విసుగుపుట్టి, లహరి అనే కాలేజీ పిల్లను తెచ్చి, అచ్చం అట్లే పాడమన్నాడు.

ఆ పొద్దే ఒక ముసలామె గడప తొక్కింది. మెడ చుట్టూ తువ్వాల. చేతిలో పాత క్యాసెట్టు.

"ఏమ్మా, ఏం కావాల?"

ఆమె పెదాలు కదిలినాయి. మాట వినబడలేదు. గొంతు చూపించింది.

"నీళ్లు బయట కుండలో ఉండాయి, పో."

ఆమె పోలేదు. దగ్గరికొచ్చి, గాలి తప్ప గొంతు లేని మాటల్లో చెప్పింది. "దుడ్లొద్దప్పా. కుందుర్పి చెన్నమ్మను. ఇది ఇను. ఇని, మళ్లా నాకీయి."

"సరే, ఆడ పెట్టు. ఇంటాం లే."

"నేను..."

"చెప్తి కదమ్మా! లోపల పాప పాడతాండాది, కనబడలేదా?"

చేతిలో పది రూపాయలు కుక్కి తలుపేసినాడు.

ఆమె ఆ నోటు గడపమీద పెట్టి పోయింది. సాయంత్రం అది తీసి మళ్లా జేబులో వేసుకున్నాడు మహానుభావుడు.

లోపల మారెప్ప వెతుక్కుంటాండాడు. "అన్నా, ఖాళీ క్యాసెట్లు అయిపోయినాయి."

"ఇదుండాది కదా, దీంట్లో కొట్టు."

మారెప్ప తిప్పి చూసినాడు. "చెరిపేయకుండా వెనకాల పలుకులు ఇరగ్గొట్టి పెట్టుకున్నారన్నా. ఒకసారి విని..."

"ఆ బొక్కలమీద కాగితం అతికిస్తే రికార్డవుతాది, అతికించు. ముసలిదాని భజనలు వినేదానికి నాకు పొద్దుపోక ఉండానా?"

మారెప్ప కాగితం అతికించినాడు.

లహరి రెండు పక్కలా పాడింది. ఏడుపు కోసం మారెప్ప ఆరునెలల కూతుర్ని తెప్పించి, తొడమీద శ్రీరంగప్పే గిల్లినాడు. ఎర్రగా కమిలేట్టు గిల్లినా, పాటలో ఉండే ఆ ఏడుపు మాత్రం రాలేదు.

మూడు వారాలకు క్యాసెట్ల వ్యాపారి జయరామయ్యను పిలిపించి ఆ క్యాసెట్టు వినిపించినాడు.

"ఉప్పులేని సంగటి," అని జయరామయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టినాడు.

ఎవరికీ టేపు ఆపాలని తోచలేదు. లహరి పాట అయిపోయింది. టక్కుమని చప్పుడు.

ఆ వెంటనే ఆ గొంతు.

ఎదురుగా నిలబడి తిడుతున్నంత స్పష్టంగా. ఎవరూ ఎప్పుడూ వినని పాట. "ఏమే వానా, కణేకల్ దాకా వచ్చినదానివి, మా ఊరి దావ మర్చిపోయినావా?"

నాలుగు చరణాలు. టేపు అయిపోయింది.

జయరామయ్య చెప్పులు విడిచి మళ్లా కూర్చున్నాడు. "ఇట్లాంటివి పది తేప్పా. సీమంతా నేను అమ్మిపెడతా."

మారెప్ప మొగం పాలిపోయింది. "అన్నా, మనం చెరిపింది ఇట్లాంటి పాటల్నేనన్నా."

"నోరు ముయ్! పిల్ల దొరికితే మళ్లా పాడిస్తాం. దాని అడ్రసు ముసలిదానికి తెలిసే ఉంటాది. పద కుందుర్పికి."

చెన్నమ్మ ఇంటిముందర ఆమె కొడుకు సుంకప్ప గుండుతో కూర్చోనుండాడు.

"అమ్మ పోయి పదకొండు దినాలాయ సామీ. గొంతులో పుండు. బెంగుళూరులో కోసినారు. బతకలేదు."

"అయ్యో పాపం," అన్నాడు శ్రీరంగప్ప గబగబా. "సరేగానీ, మీ అమ్మ ఇచ్చిన క్యాసెట్టులో పాడిన పిల్ల యాడుండాది?"

సుంకప్ప అర్థంగానట్టు చూసినాడు.

"పిల్లేంది సామీ? నువ్వు వెతుకుతాండావని తెలిసి, ఆపరేషనుకు పోతాపోతా బస్సు దిగి నీ దగ్గరికొచ్చింది. చేను పోగొట్టుకున్నాడంట, నాలుగు కాపీలు తీసుకోనీలే అనింది."

లేచి, రెండు చేతులూ చాపినాడు.

"దాన్ని తెచ్చినావా? మాకు మిగిలింది అదొక్కటే. ఆ వానపాట రెండో చరణంలో, మా అమ్మ చంకలో ఉండి ఏడ్చేది నేనే."