అవును, కాదు, గట్లనే

స్నేహితురాలు మెర్సీ బిడ్డ పుట్టినరోజు కేకు తిని, హాలియాలోని తన ఇంటర్నెట్ షాపు షట్టరు మళ్లీ ఎత్తింది నిరోష. ఆరింటికి తాళం వేసి వెళ్లేటప్పుడు ఫోను చార్జరు మరిచిపోయింది. పొలాల్లో కప్పలు ఒకటే అరుస్తున్నాయి.

లోపల కంప్యూటరు వెలిగి ఉంది. ఏదైనా ప్రోగ్రాం ఆగిపోతే సిస్టం తనంతట తానే రాసుకునే బగ్ రిపోర్టు తెర మీద కనిపించింది. నిరోష అలవాటుగా అప్‌గ్రేడ్ వివరాలు చూసింది. తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

అప్‌గ్రేడ్ సమయం: ఈరోజు రాత్రి 7:10.
'కొనసాగించాలా?' అన్న ప్రశ్నకు జవాబు: గట్లనే.

తాళంచెవి ఒక్కటే. అది ఆమె దగ్గరే ఉంది.

పోయినేడాది చనిపోయిన బాపు జంగయ్య ఎప్పుడూ అలాగే టైపు చేసేవాడు. 'అవును', 'కాదు' తప్ప సిస్టం ఏదీ ఒప్పుకోదని ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. "మనిషి లెక్క మాట్లాడితే దానికేం పోతది బిడ్డా?" అని నవ్వేవాడు. సిస్టం ప్రతిసారీ ఎర్ర అక్షరాలతో తిప్పికొట్టేది.

ఈరోజు ఒప్పుకుంది.

భయపడాల్సింది పోయి నిరోషకు నవ్వాగలేదు. బాపు కూర్చునే కుర్చీని తన పక్కకు లాక్కుంది.

"బాపూ, గెలిచినవ్ పో!"

తెర మీద ఇంకో ప్రశ్న వచ్చింది: రిపోర్టు పంపాలా?

బయట కప్పలు ఒక్కసారిగా ఊరుకున్నాయి. ఆమె రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి. కీబోర్డు టక్కుమంది.

తెర మీద 'గ' పడింది.