ఎర్ర హెల్మెట్లు

ఆదిలాబాద్ పత్తి మిల్లు ఇంకా మండుతూనే ఉంది. కూలిన దూలం కింద నుంచి లాగేసరికే ఫైర్‌మన్ సాగర్ ఊపిరి ఆగిపోయింది. ఫైరింజన్ నడిపే రాయమల్లు తన కొడుకును నేల మీద పడుకోబెట్టి, హెల్మెట్లు పంచే ఖాసిం గల్లా పట్టుకున్నాడు.

"ఒక్క దెబ్బకే పగిలింది. గసుంటిది నా పోరనికెందుకిచ్చినవ్ రా?"

పగిలిన హెల్మెట్ ముక్కలో, ఎర్ర రంగు కింద సన్నని బీటలు అల్లుకుని ఉన్నాయి. ఖాసింకు సంగతి అర్థమైంది.

"తప్పు నాదే, అన్నా."

అంతలో మిగతావాళ్లు అవే ఎర్ర హెల్మెట్లతో లోపలికి కదిలారు. ఖాసిం గల్లా విడిపించుకుని అడ్డం పోయాడు.

"ఆగుండ్రి. అవి తీసేయుండ్రి. రంగుల కలిపిన థిన్నర్ వాటి ప్లాస్టిక్ గట్టితనమంత తిన్నది."

రాయమల్లు గొంతు తగ్గింది. "దసరా పూజకేసిన రంగా?"

అందరూ ఖాసిం వైపే చూస్తున్నారు. దాచితే నమ్మక అవే పెట్టుకుని లోపలికి పోతారు, ఇంకొకడు చస్తాడు.

"అవునన్నా. నువ్వేసిన రంగే."