టకటకయ్య తట్టిన గడప

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా బోసినోట్లో మళ్లీ పళ్లు మొలుచుగాక!

వానలు ముంచుకొస్తున్నాయని అడవంతా ఒక్కసారే సరుకులకు ఆర్డర్లు పెట్టింది. మూటలు చేరవేసే వడ్రంగిపిట్ట టకటకయ్యకు తలుపులు కొట్టీ కొట్టీ ముక్కు బియ్యపుగింజంతకు అరిగిపోయింది. పుట్టిన పిల్లను చూసుకునే తీరిక కూడా లేదు.

ఓ సాయంత్రం నేరేడు చెట్టు తొర్ర ముందు ఆగాడు. ఈ గడపెక్కడో చూసినట్టుందే, ఎవరిదబ్బా అనుకుంటూ తట్టాడు.

"పార్సిలండీ!"

పిల్ల తొంగిచూసింది. "అమ్మా, ఎవరో పార్సిలాయన!"

లోపలున్న భార్య ఆ గొంతు గుర్తుపట్టింది. "ఎవరో ఏంటే, మీ నాన్న!"

"నాన్నా? ఎప్పుడు ఆర్డరు పెట్టావమ్మా?"

టకటకయ్య కొండంత మూటల బరువు అక్కడే దించేసి, లోపలికెళ్లి పిల్లను రెక్కల కింద పొదువుకున్నాడు.

మూటలింకా ఆ చెట్టు కిందే ఉన్నాయి. లే నాయనా, మనం ఆర్డరు పెట్టిన చింతపండు ఏ మూటలో ఉందో వెతికి పట్టుకురా.