ఇంకొకటి తియ్యమ్మా

ఉదయం తొమ్మిదిన్నరకి బస్టాపులో ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తి, పక్కన కూర్చున్న పెద్దాయన ముఖానికి గురిపెట్టి నొక్కింది.

అది ఆ వృత్తిలో వాళ్ల ఉపాయం. ఖరీదైన కెమెరాతో రోడ్డు మీద ఉన్నప్పుడు ఎవరైనా అదే పనిగా చూస్తుంటే, ముందు వాళ్ల ఫొటో తీసెయ్యాలి. దొంగైతే జారుకుంటాడు. మంచివాడైతే తిట్టుకుంటూ పోతాడు. ఎలాగైనా పోతాడు.

పెద్దాయన పోలేదు.

"పనిచేస్తోందే!" అన్నాడు. మెడ దగ్గర బొత్తాం పెట్టుకున్నాడు. "ఇంకొకటి తియ్యమ్మా. కళ్లు మూసేశాను."

ఆమె తియ్యలేదు.

అంతకు ముందు జరిగింది ఇది. బస్సు రాలేదు. ఫొటోగ్రాఫర్ బ్యాగు తెరిచి కెమెరా బయటికి తీసి బ్యాటరీ మార్చుకుంటోంది. బెంచీ మీద ఉన్న పెద్దాయన కళ్లజోడు సర్దుకుని కెమెరా మీదికి వంగాడు. ముక్కు తగిలేంత దగ్గరికి వంగాడు.

"ఎక్కడ కొన్నావమ్మా?"

"నాది కాదు. మా బాబాయిది."

"ఈ టేపు బాబాయి వేశాడా?"

కెమెరా కంపెనీ పేరు మీద నల్ల టేపు ఉంది. దాని మూల మీద ఇంకో ముక్క అడ్డంగా ఉంది. బాబాయి సెకండ్ హ్యాండులో కొన్నప్పుడే అలా ఉంది. పేరు కనపడకపోవడమే మంచిదని తియ్యలేదు.

టేపు సంగతి అడిగేవాడు టేపు కింద పేరు కోసమే అడుగుతాడని ఆమె అనుకుంది.

"పాత డొక్కండీ. పనిచేయదు. రిపేరుకి తీసుకెళ్తున్నా."

అదీ ఉపాయమే. బాబాయి నేర్పింది.

"పనిచేయదా?" పెద్దాయన ఇంకా దగ్గరికి జరిగాడు. "కింద పడేశారా? తడిసిందా?"

"మీకెందుకండీ?"

"బాగవుతుందన్నారా?"

అప్పుడు తీసింది ఆ ఫొటో.

తీశాక కూడా పెద్దాయన కదల్లేదు. "ఒక్కసారి ఇలా ఇవ్వమ్మా" అని చెయ్యి చాపాడు. చెయ్యి కెమెరా పట్టీ మీద పడింది.

ఆమె అరిచింది.

పక్క షాపు గార్డు పరుగున వచ్చి పెద్దాయనని చొక్కా పట్టుకుని లేపాడు. పెట్టుకున్న బొత్తాం ఊడి కింద పడింది.

"కాటికి కాళ్లు చాపుకున్నావు, ఇప్పుడిదేం బుద్ధి తాతా?"

"చూద్దామని, బాబూ."

"చూసేది కళ్లతో. చేతుల్తో కాదు."

"వదిలెయ్యవయ్యా, నీ తండ్రి వయసుంటుంది" అంది బస్సు కోసం నిలబడ్డ ఒకావిడ.

బస్సు వచ్చింది. ఫొటోగ్రాఫర్ ఎక్కేసింది.

సీట్లో కూర్చుని ఆ ఫొటోని ఫోనులోకి ఎక్కించి, ఊళ్లో ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కింద రాసింది: "బస్టాపులో ఉంటాడు. జాగ్రత్త."

"పిల్లనిచ్చిన మామలా ఉన్నాడు, ఈయన దొంగేంటి?" అని ఒకరు రాశారు.

"కళ్లు మూసుకున్నాడు చూడు. పిల్లి పాలు తాగేది ఇలాగే" అని ఇంకొకరు.

గ్రూపులో చూసి బాబాయి ఫోన్ చేశాడు.

"కెమెరా భద్రమేనా? అది పోతే స్టూడియోకి తాళమేనే తల్లీ."

"భద్రమే బాబాయ్."

"శభాష్. నా దగ్గర పని నేర్చుకున్నదానివి అనిపించావు."

ఫొటో ఆ గ్రూపు నుంచి వేరే గ్రూపులకి వెళ్లింది.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం స్టూడియోకి ఒకావిడ వచ్చింది. ఫోన్ తీసి ఫొటో చూపించింది.

"ఇది ఇక్కడివాళ్లు తీసిందేనటగా. మా నాన్న."

బాబాయి లేచి నిలబడ్డాడు. "తప్పయిపోయిందమ్మా. పిల్ల భయపడి పెట్టింది. ఇప్పుడే అందరిచేతా తీసేయిస్తా."

"తీసేయించడానికి రాలేదండీ. పెద్దది చేసిస్తారేమోనని వచ్చాను. ఫ్రేము కట్టించాలి. సోమవారం నాన్న పోయారు."

బాబాయి కూర్చున్నాడు.

"ఇంట్లో వేరేది లేదామ్మా?"

"గోడ నిండా ఉన్నాయి. అమ్మ, నేను, తమ్ముడు, చుట్టాలు. అన్నీ నాన్న తీసినవే. ఆయన దేంట్లోనూ లేరు. ఆధార్ కార్డు మీద ఒకటుంది, గోరంత. ముఖం ఆనవాలు తెలీదు."

ఫొటోగ్రాఫర్ కంప్యూటర్లో ఫైలు వెతికి తెరిచింది. వచ్చినావిడ తెర వైపు చూసింది.

"కళ్లు తెరిచింది లేదా అమ్మా?"

"లేదండీ. ఒకటే తీశాను."

"పర్లేదు. ఇదే ఇవ్వండి."

ప్రింటు వచ్చింది. ఫొటోగ్రాఫర్ అంచులు కత్తిరించింది. ఒక అంచు వంకర పోయింది. రెండో ప్రింటు తీసి మళ్లీ కత్తిరించింది.

"ఆ రోజు చొక్కా బొత్తాం లేకుండా ఇంటికొచ్చారు" అంది వచ్చినావిడ. "ఏమైంది నాన్నా అంటే, 'పనిచేస్తోందే' అన్నారు. ఏది నాన్నా అంటే నవ్వి ఊరుకున్నారు. రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు."

ఫొటోగ్రాఫర్ ప్రింటుని కవర్లో పెట్టి ఇచ్చింది. బాబాయి డబ్బులు వద్దన్నాడు.

వచ్చినావిడ లేచింది. బల్ల మీదున్న కెమెరా దగ్గర ఆగింది. నల్ల టేపు మీద అడ్డంగా ఉన్న ముక్కని వేలితో తడిమింది.

"మూల ఊడిపోతోందంటే ఈ ముక్క నేనే అంటించాను" అంది. "చూపు తగ్గాక నాన్న అమ్మేసుకున్న కెమెరా ఇది."